టర్బో చల్లారే నిమిషం

ఆదివారం నుంచి కారు లోపల ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య దూరం పెరుగుతోంది. బయట నుంచి కొలిస్తే కారు ఎప్పటి పొడవే ఉంది. లోపల మాత్రం ఆదివారం నాడు పైడమ్మ చీర ఒకటి పరిస్తే సరిపోయిన చోట, సోమవారం రెండు చీరలు కావలసి వచ్చాయి. మంగళవారం ఆవిడ చీరలు మడతపెట్టి బీరువాలో పెట్టేస్తుంది. ఇక అది చీరలకి అందే దూరం కాదు.

ముందు సీట్లో కనకం కూర్చుని ఉంది. ఇంజను నడుస్తోంది.

కనకం పైడమ్మకి చెల్లెలు. మూడేళ్ళ కిందట ఒక మార్చి మధ్యాహ్నం సింహాచలం కొండ దిగి వచ్చి, కంచరపాలెంలో తమ ఇంటి షెడ్డులో కారు పెట్టి, దిగకుండానే పోయింది. దహనమూ అయింది, పెద్దకర్మా అయింది, భోజనాలకి వచ్చినవాళ్ళు వంకాయ కూర బాగా కుదిరిందన్నారు. అయినా కనకం కారులోంచి దిగలేదు. దానికి కారణం ఉంది. అది టర్బో బండి.

టర్బో అంటే ఏమిటో పైడమ్మకి కారుతో పాటు వచ్చిన పుస్తకం చెప్పింది. ఇంజను వదిలిన పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం కొత్త గాలిని లోపలికి తోస్తుంది. పోయేదాని ఊపుతోనే వచ్చేది వస్తుంది. చక్రం నిప్పులా కాలిపోతూ తిరుగుతుంది కనక, ఇల్లు చేరగానే ఇంజను ఆపకూడదు. ఒక్క నిమిషం ఊరికే నడవనిచ్చి, అది చల్లారాక తాళం తిప్పాలి. నలభై ఆరో పేజీ.

పోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన కనకం, వచ్చిన డబ్బుతో మొట్టమొదట ఈ కారే కొన్నది. కొండ ఎక్కేటప్పుడు పెడలు తొక్కితే ముందు ఏమీ జరగదు, కాస్త ఆగి ఒక్కసారిగా లాగుతుంది. "వెనక నుంచి ఎవరో నెట్టినట్టుంటాదక్కా," అని మురిసిపోయేది. ఆ నిమిషం మాత్రం ఏనాడూ తప్పలేదు. షెడ్డులో కిటికీ అద్దం దించి అడిగేది, "నిమిషం అయ్యిందేటక్కా?" పైడమ్మ వంటింటి గడియారం చూసి చెప్పేది.

ఇప్పటికీ రోజుకి ఒకసారి అడుగుతుంది.

"ఇంకా అవ్వనేదే," అంటుంది పైడమ్మ.

మూడేళ్ళుగా అదే మాట. డీజిలు ముల్లు పావు దగ్గరే నిలబడి ఉంది.

ముందు తలుపులకి లోపల గడియ పడి ఉంది. బయట నుంచి ముందు అద్దాల్లోకి చూస్తే చూసేవాళ్ళ మొహమే కనబడుతుంది. అందుకని పైడమ్మ రోజూ మధ్యాహ్నం వెనక సీట్లో కూర్చుంటుంది, ఏదో ఒకటి చదువుకుంటుంది. ఆవిడ బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు చెల్లెలి పుస్తకాలకి అట్టలు వేస్తూ వేస్తూ అక్షరాలు పట్టుకుంది. ఆ తర్వాత దొరికిందల్లా చదివింది. పొట్లాం కాగితాలు, రైళ్ళ పట్టికలు, వారపత్రికలు. కారు పుస్తకం పదకొండుసార్లు.

కనకం పోయిన మధ్యాహ్నం కూడా పైడమ్మ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని సీరియల్ చదువుతోంది. షెడ్డులో ఇంజను చప్పుడు వినబడుతోంది. నిమిషమే కదా అనుకుంది. నాలుగు పేజీలు చదివింది. నిమిషం అయ్యిందా అని కనకం ఆ రోజు అడగలేదు. అడగలేదో, అడిగితే తనకి వినబడలేదో. ఆ అనుమానం అప్పటినుంచి పైడమ్మ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

బుధవారం పొద్దున్న రవాణా ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది. కారుకి పదిహేనేళ్ళు నిండాయి. శుక్రవారం బ్రేకు ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చి చూస్తాడు. పనికొస్తుందంటే బండి ఉంటుంది. లేదంటే తుక్కుకి పోతుంది, లోపల ఉన్నవాటితో సహా. పైడమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి, మెకానిక్ ముత్యాలనాయుడికి కబురు పెడుతుంది.

ముత్యాలనాయుడు సామాను పెట్టె దింపి, కారు చుట్టూ ఒకసారి తిరుగుతాడు.

"ఏటమ్మా, బండి బాగా ముసిలిదైపోనాదే."

"నీకంటే సిన్నదే."

"నన్ను సూడ్డానికి ఇన్‌స్పెక్టరు రాడు కదా."

ఇంజను నడుస్తుండగా చెయ్యగలిగినవన్నీ ముందు చేస్తారు. అతను బ్రేకులు మారుస్తాడు. బీటలు వారిన రబ్బరు గొట్టాలు తీసి కొత్తవి బిగిస్తాడు. పైడమ్మ సీటు కవర్లు ఉతికి ఆరేస్తుంది. ముందు దీపాలకి పచ్చటి పొర కమ్మి ఉంటే, అతను చెప్పినట్టే పళ్ళపేస్టు పెట్టి గుడ్డతో రుద్దుతుంది. పొర గుడ్డకి అంటుకుని వస్తుంది. చూపు వచ్చిన దీపాలు ఎదురుగా గోడ మీద క్యాలెండరు చూసి, అది మూడేళ్ళ కిందటిదని గమనించి, ఒకసారి ఆరి వెలుగుతాయి. పైడమ్మ వెళ్ళి క్యాలెండరు తీసేస్తుంది.

ముత్యాలనాయుడు బానెట్టు ఎత్తి, టర్బో దగ్గర చెవి పెట్టి చాలాసేపు వింటాడు.

"ఇరుసు వదులైపోనాది. ఈల వినబడతంది కదా. రేపు సాయంత్రానికి ఇరుగుతాది."

"ఇరిగితే?"

"ఇంజను తన నూనె తానే తాగేసి పరిగెడతాది. అప్పుడు తాళం తీసినా ఆగదు. కనకమ్మగోరు ఏ ఊరు పోతారో నాను సెప్పలేను."

"మరైతే కొత్తది ఎయ్యి."

"ఆపితే ఏస్తాను. తిరిగే టర్బో మీద సెయ్యెడితే సెయ్యి మిగల్దు."

పైడమ్మ కారు లోపలికి చూస్తుంది. వెనక సీటు నుంచి కనకం తల ఇప్పుడు ఆవగింజంత ఉంది.

"లోపల దూరం ఎందుకిలా పెరుగుతంది నాయుడూ?"

"నిమిషాన్ని మూడేళ్ళు లాగినావు. లాగింది ఎక్కడో కాడ సాగాల కదా. బండిలో సాగింది."

"ఇన్నాళ్ళూ సాగనేదే."

"ఇన్నాళ్ళూ పట్టు ఉన్నాది. ఇప్పుడు వయసైపోనాది."

"ఆపితే అది దిగిపోద్ది నాయుడూ."

ముత్యాలనాయుడు చేతులు తుడుచుకుంటాడు. "దిగడానికే కదమ్మా ఇంటికొచ్చింది?"

అతను గాలి వడకట్టే ఫిల్టరు బయటికి తీసి, "మూడేళ్ళుగా మార్సినేదు," అని ఆవిడ చేతికిచ్చి అన్నానికి వెళ్ళిపోతాడు.

ఆ ఫిల్టరు మడతలు మడతలుగా ఉన్న కాగితం. పుస్తకంలాగే ఉంది కనక పైడమ్మ గుమ్మంలో కూర్చుని మొదటి మడత విప్పుతుంది. దుమ్ము మధ్య అక్షరాలు ఉన్నాయి.

కనకం ఈ కారులో ఎంతమంది చుట్టాల్నో స్టేషనుకి దింపింది. పైడమ్మా తోడు వెళ్ళేది కానీ, వెనక సీట్లోంచి దిగేది కాదు. డెబ్బై నాలుగేళ్ళలో రైలు కదలడం ఆవిడ ఒక్కసారీ చూడలేదు. ఇంటి దగ్గరైనా అంతే, వెళ్ళేవాళ్ళు వీధి మలుపు తిరగకముందే లోపలికి వచ్చేసి, ఏదో ఒక గిన్నె తోముతూ ఉండేది. వాళ్ళు అన్న మాటలు మాత్రం కారు పీల్చుకుంది. "పచ్చడి సీసా మూత బిగించేవా పిన్నీ?" అని ఒక మడతలో ఉంది. "ఎండలో నిలబడకు, ఎల్లిపో" అని ఇంకో మడతలో. "ఎల్లొత్తాం, ఎల్లొత్తాం" అని ఏడు మడతల నిండా. పైడమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక్కటీ వదలకుండా చదువుతుంది.

చివరి మడతలో కనకం మాట ఉంది.

"అక్క సదువుకుంటంది. ఆ పేజీ అయ్యేక పిలుద్దాం."

పైడమ్మ దాన్ని మూడుసార్లు చదువుతుంది. వినబడకపోవడం కాదు. పిలవలేదు. గొంతులోని చేపముల్లు ఒకసారి అడ్డంగా తిరిగి గుచ్చుకుని, తర్వాత కిందికి దిగుతుంది.

గురువారం పొద్దున్న ఏడింటికి ఫ్లాస్కులో టీ పోసుకుని పైడమ్మ వెనక తలుపు తీసి లోపలికి ఎక్కి, ముందు సీటు వైపు నడక మొదలుపెడుతుంది. కాళ్ళ కింద కారు తివాచీ మెత్తగా ఉంది. దారిలో వేరుశనగ తొక్కలు, ఎప్పుడో పోయిందనుకున్న దువ్వెన, ఎవరూ మాదని అడగని గొడుగు కనబడతాయి. గొడుగు అక్కడే ఉంచి దువ్వెన తీసుకుంటుంది. కిటికీ బయట షెడ్డు పక్కనున్న కరివేప మొక్కే దారి పొడవునా తోడొస్తోంది. టర్బో ఈల పెరుగుతోంది. కనకం తల ఆవగింజ నుంచి రేగుపండు అవుతుంది, తర్వాత కొబ్బరికాయ అవుతుంది, పదకొండింటికి కనకం అవుతుంది.

కనకం అద్దంలోంచి చూస్తుంది. "నడిసొచ్చేసినావేటక్కా? మోకాళ్ళ నొప్పి ఏటయ్యింది?"

"వెనక సీట్లో ఒగ్గేసి వచ్చేను."

"మళ్ళీ ఎల్లి తెచ్చుకోవాల కదా."

"తెచ్చుకుంటాన్లే. టీ తాగు."

కనకం టీ తాగి మూతి ముడుస్తుంది. "సక్కెర ఇంత పోసేసినావేటి?"

"మూడేళ్ళది కలిపి పోసేను."

ఇద్దరూ నవ్వుతారు. పైడమ్మ దువ్వెనతో చెల్లెలి జుట్టు చెవి వెనక్కి సర్దుతుంది. జుట్టులో ఇంకా కొండ మీద చెట్లగాలి వాసన ఉంది. ఈల ఇప్పుడు కెటిల్ మరుగుతున్నట్టుగా వినబడుతోంది.

"నిమిషం అయ్యిందేటక్కా?"

"ఇంకా అవ్వనేదు" అన్న మాట పైడమ్మ నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆవిడ ఫ్లాస్కు మూతలో మిగిలిన టీ తాగి ఆ మాటని మింగేస్తుంది.

"అయ్యిందే."

"నిజంగా?"

"ఎప్పుడో అయ్యింది. నానే సెప్పనేదు."

"నాకు తెల్సులే," అంటుంది కనకం. "నీకు అరవై దాకా లెక్కెట్టడం నేర్పింది నానే కదేటి."

కనకం తాళం తిప్పుతుంది.

ఇంజను ఆగుతుంది. మూడేళ్ళుగా ఆ చప్పుడు వెనక నిలబడిపోయిన చప్పుళ్ళు ఒక్కొక్కటే లోపలికి వస్తాయి. పాలవాడి గంట, కుళాయి కింద బిందె, రైల్వే గేటు దగ్గర రైలు కూత. తివాచీ ఫిల్టరు కాగితంలా మడతలు పడుతుంది. వెనక సీటు మెల్లగా దగ్గరికి వచ్చి వాళ్ళ వీపులకి తగిలి ఆగుతుంది. దానితో పాటు మోకాళ్ళ నొప్పి కూడా వచ్చి చేరుతుంది.

కనకం తలుపు గడియ తీస్తుంది. అది సులువుగానే వస్తుంది.

"ఎల్లొత్తానక్కా."

"ఎల్లిరా అమ్మా."

వెళ్ళేవాళ్ళని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే వాళ్ళు తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఆ మళ్ళీ బయలుదేరడం తన వల్ల కాదని పైడమ్మకి తెలుసు. ఆవిడా కారు దిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధి గేటు పట్టుకుని నిలబడుతుంది. కనకం కుళాయి దాటుతుంది. ఇడ్లీల దుకాణం దాటుతుంది. ఎడమ కాలి చెప్పు మడమ దగ్గర బాగా అరిగిపోయి ఉంది. ఆ సంగతి పైడమ్మ ఇప్పుడే చూస్తోంది. మలుపు దాకా చూస్తుంది. కనకం మలుపు తిరిగాక, ఖాళీ మలుపుని కూడా కాసేపు చూస్తుంది. ఇంట్లో తోమవలసిన గిన్నెలు అలాగే ఉన్నాయి.

"సల్లారిందమ్మా," అంటాడు వెనక నుంచి ముత్యాలనాయుడు. అతని అరచెయ్యి టర్బో మీద ఉంది.

సాయంత్రానికి పాతది విప్పి కొత్తది బిగిస్తాడు. నూనె మారుస్తాడు, కొత్త ఫిల్టరు వేస్తాడు. పాత టర్బో నత్తగుల్లలా చుట్ట తిరిగి ఉంది. పైడమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఎక్కడో రైలు కదులుతోంది. ఆఖరి పెట్టె పోయేదాకా విని, దాన్ని పుస్తకాల అరలో పెడుతుంది.

శుక్రవారం పదింటికి బ్రేకు ఇన్‌స్పెక్టరు వస్తాడు. దీపాలు వేయించి చూస్తాడు, బ్రేకు తొక్కి చూస్తాడు. వెనక సీట్లో కూర్చుని, చెయ్యి చాపి ముందు సీటు అందుతోందో లేదో చూసుకుంటాడు. అందుతుంది.

"బండి ఎవరు నడుపుతారు?"

ముత్యాలనాయుడు పైడమ్మ వైపు చెయ్యి చూపిస్తాడు.

"లైసెన్సు ఉందా అమ్మా?"

పైడమ్మ కారు పుస్తకం అందిస్తుంది. ఇన్‌స్పెక్టరు నలభై ఆరో పేజీ తీసి, నలిగిన మూలని బొటనవేలితో తడుముతాడు.

"ఎన్నిసార్లు చదివారు?"

"పదకొండు. పన్నెండోది సగంలో ఉంది బాబూ."

"ఆ సగం కొండ మీద పూర్తిచెయ్యండి," అని పుస్తకం తిరిగి ఇచ్చేస్తాడు.

పైడమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది. సీటు గుంటపడి, వెచ్చగా, తన కొలతకే ఉంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తే కారు గేటు దాటుతుంది, వీధి దాటుతుంది, కనకం తిరిగిన మలుపు తిరిగి సింహాచలం కొండ మొదట్లోకి వస్తుంది. అక్కడ ఎత్తు మొదలవుతుంది. పెడలు తొక్కుతుంది. ఏమీ జరగదు. పైడమ్మ కంగారు పడదు, ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది.

మూడు అనేలోగా వెనక నుంచి తోపు వస్తుంది.

అద్దంలో చూస్తుంది. రోడ్డు నిండా జనం. ఇన్నేళ్ళలో రైలెక్కి వెళ్ళిన చుట్టాలందరూ ఒక చేత్తో పచ్చడి సీసాలు పట్టుకుని, రెండో అరచెయ్యి కారు వీపుకి ఆనించి నెడుతున్నారు. మధ్యలో కనకం ఉంది, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, రెండు చేతులతో.

కారు ఊపందుకుంటుంది. వాళ్ళ చేతులు ఒక్కొక్కటే వదులుతాయి. వాళ్ళు ఆగిన చోటే ఆగిపోతారు, కారు పైకి వెళ్తుంది. దూరం పెరిగేకొద్దీ వాళ్ళు అద్దంలో పెద్దగా కనబడుతున్నారు. మొదటి మలుపులో కనకం మొహం అద్దానికి సరిగ్గా సరిపోతుంది. రెండో మలుపులో నుదురు మాత్రమే పడుతుంది. మూడో మలుపు తిరిగేసరికి అద్దంలో కనకం బొట్టు ఒక్కటే ఉంది, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఎర్రగా. ఆ వెలుగు పైడమ్మ చేతుల మీద, ఒళ్ళో ఉన్న పుస్తకం మీద పడుతోంది.

పైడమ్మ అద్దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి, గేరు మారుస్తుంది.