రెండో పరిశోధకురాలు

“సంతకమే కదా, గిన్నెలు తర్వాత తోముకోవచ్చు,” అంటూ మా ఆయన ఒక కాగితం తెచ్చి వంటగది గట్టు మీద పెట్టారు. సబ్బు చేతులతో నిలబడే చదివాను.

ఆయన కామర్స్ లెక్చరర్. ప్రమోషన్‌కి ఒక పరిశోధన వ్యాసం తక్కువైంది. వ్యాపారం రోజువారీగా నడవడానికి తిరిగే డబ్బుంటుందే, వర్కింగ్ క్యాపిటల్, దాని మీద ఇరవై ఏళ్ళుగా ఎవరేం పరిశోధించారో, ఆ పరిశోధన ఎటు పోతోందో తేల్చే వ్యాసం. ఒకప్పుడు నా పీహెచ్‌డీ అంశం అదే. పాప పుట్టాక “ఇంటికి ఒక డాక్టర్ చాలదూ?” అని నవ్వుతూ మాన్పించారు. నా బుద్ధి గడ్డి తిని నేనూ నవ్వాను.

ఆ చదవడం, రాయడం అంతా నా మీదే పెట్టారు. మూడు వందల పన్నెండు వ్యాసాలు. కుక్కర్ కూతల మధ్య, పాప హోంవర్క్ పక్కన చదివాను. మొదట్లో అందరూ సరుకు నిల్వల గురించి రాశారు, తర్వాత లాభాల గురించి, ఇప్పుడేమో సంక్షోభంలో చిన్న వ్యాపారాలు ఎలా నిలబడతాయని. ఇలాంటి పనిలో ఇద్దరు విడివిడిగా చదివి వర్గీకరించాలి, ఒకరి పొరపాటు ఇంకొకరు పట్టుకోవాలి. ఆయనకు తీరికేదీ? “మూడు నెలలాగి నువ్వే ఇంకోసారి చదివెయ్. మర్చిపోయుంటావుగా, వేరే మనిషి చదివినట్టే,” అన్నారు. చదివాను. వ్యాసం మీద మాత్రం ఆయన పేరొక్కటే. చివర్లో “ఓపికతో సహకరించిన నా శ్రీమతికి” కృతజ్ఞతలు. అదేమిటని అడిగితే అత్తయ్య అందుకున్నారు. “మొగుడూ పెళ్ళాల మధ్య నీ పేరూ నా పేరూ ఏంటమ్మా, విడ్డూరం!”

ఇప్పుడు వ్యాసం పంపిన పరిశోధన పత్రికవాళ్ళు, విడివిడిగా చదివిన ఆ ఇద్దరి పేర్లూ, చదివిన తేదీలూ, సంతకాలూ అడిగారు.

“పైన నా పేరు రాసి సంతకం నువ్వే గీకెయ్, పాప మార్కుల కార్డు మీద పెడతావుగా, అలాగే. కింద నీది. చూశావా, ఆఖరికి నీ పేరూ వస్తోంది! స్కాన్ చేసి పంపెయ్,” అని స్నానానికి వెళ్ళిపోయారు.

ఒళ్ళు మండిపోయింది. ఒక్క వ్యాసమూ తెరవని మనిషి అన్నీ చదివాడని నేనే సాక్ష్యం చెప్పాలి, దానికి కూలి నా పేరు. నిజం రాస్తే వ్యాసం తిరిగొస్తుంది. ప్రమోషన్ పోతుంది, ఇంట్లో నెలల తరబడి సాధింపులు. నా మూడేళ్ళ చాకిరీ కూడా దాంతోపాటే గంగలో కలుస్తుంది. అదే ఎక్కువ బాధగా ఉంది.

చేతులు తుడుచుకున్నాను. పై గడిలో నా పేరు రాసి, మొదటిసారి చదివిన తేదీ వేసి సంతకం పెట్టాను. కింది గడిలోనూ నా పేరే రాసి, మూడు నెలలాగి రెండోసారి చదివిన తేదీ వేసి మళ్ళీ సంతకం చేశాను. పంపేశాను.

“ఇద్దరివీ అయ్యాయా?” స్నానాల గదిలోంచి కేక.

“అయ్యాయండీ. ఇద్దరూ నేనే.”