పచ్చ చుక్క

ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని, కుడిచేతి వేలితో స్పేస్‌బార్ నొక్కి, నొక్కినదాన్ని చెరిపి, మళ్ళీ నొక్కుతున్నాడాయన. రాయడం లేదు, ఆలోచిస్తున్నాడు. మనిషి ఆలోచిస్తే కంప్యూటర్‌కి తెలియదు. ఆలోచించినంతసేపూ ఏదో ఒకటి నొక్కుతూ ఉండాలి. లేకపోతే తెర మూలనున్న పచ్చ చుక్క బూడిదరంగుకి తిరుగుతుంది. కాసేపాగి "మీరు ఉన్నారా?" అని అడుగుతుంది. ఇంట్లో ఆ ప్రశ్న అంత మర్యాదగా అడిగేది అదొక్కటే.

మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, బట్టలుతికే యంత్రాలు కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున పడి ఉండే వాడుక పుస్తకాలు ఆయన రాస్తాడు. వాటిని మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి భూమ్మీద ఆయనొక్కడే. పూర్వం ఆఫీసులో, చుట్టూ మనుషులుండగా రాసేవాడు. ఆ ఆఫీసు మూసేసేటప్పుడు చేతికొక గడియారం తొడిగి, ఫొటో తీసి పంపించారు. ఆ మర్నాడే బావమరిది వచ్చి ల్యాప్‌టాప్‌లో యాప్ మీద యాప్ ఎక్కించాడు. ఒకటి గంటలు లెక్కపెడుతుంది, ఒకటి రోజుని రంగురంగుల ముక్కలుగా కోస్తుంది, ఒకటి పనులన్నిటినీ కార్డులు చేసి బోర్డుకి అంటిస్తుంది.

"ఇంక ఎవరి కిందా ఉండక్కర్లేదు బావా. నీకు నువ్వే రాజువి."

"మరి రాజుగారికి కాపలా?"

బావమరిది పచ్చ చుక్క చూపించాడు. "పనిచ్చే కంపెనీవాళ్ళు ఎప్పుడు నీ వైపు చూసినా ఇది వెలుగుతుండాలి. కునుకు పట్టిందనుకో, మౌస్‌ని నీ గడియారం మీద పెట్టు. ముల్లు తిరిగినంతసేపూ తెరమీద బాణం కదుల్తుంది. నువ్వు కదిలినట్టే."

"దొంగపని," అన్నాడాయన. గడియారాన్ని సొరుగులో పెట్టాడు. టైము చూసుకునే అవసరం లేకపోయినా, బ్యాటరీ మాత్రం మార్పిస్తుండేవాడు.

చుక్క పచ్చగా ఉంటే తలుపు తట్టకూడదని ఇంట్లో ఏర్పాటు. అది భార్య ఫోన్లో కూడా కనబడుతుంది. చెప్పాల్సింది ఉంటే ఆవిడ కూడా కార్డు పెట్టాలి. మొదట్లో "గ్యాస్ బుక్ చెయ్యాలి" అని పెట్టింది. ఆయన శ్రద్ధగా దాన్ని "జరుగుతోంది" అనే వరసలోకి మార్చాడు. కార్డు అక్కడ సుఖంగా ఉంది, పొయ్యి మాత్రం వెలగలేదు. చివరికి ఆవిడే బుక్ చేసి, ఈసారి "మొగుడితో మాట్లాడాలి" అని ఇంకొకటి పెట్టింది. ఆయన దాన్ని వచ్చే వారానికి జరిపాడు.

ఇప్పుడు బోర్డు మీద ఎర్రగా ఉన్న కార్డు "డాక్టర్". మెట్లెక్కితే ఆయాసం, ఎడమచెయ్యి లాగడం మొదలైనప్పుడు ఆవిడ పెట్టింది. రోజూ పొద్దున్నే ఆయన దాన్ని రేపటికి తోస్తున్నాడు.

ఇవాళ ఆయన కూర్చోకముందే ఆవిడ టీతో వచ్చి నిలబడింది.

"సాయంత్రం వెళ్తున్నాం. కార్డు జరిపారంటే మిమ్మల్నే జరిపేస్తాను."

"ఈ పుస్తకం ఇవాళే పంపాలి. చుక్క పచ్చగా ఉన్న గంటలు తగ్గితే ఇంక పని ఇవ్వబోమని కంపెనీవాళ్ళు రాశారు."

"వాళ్ళకి రాసేవాళ్ళు బోలెడుమంది. నాకు మీరొక్కరే."

"లేస్తాను. నా అంతట నేనే లేచి వస్తాగా."

ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

పొద్దుట్నుంచీ ఆయన్ని ఒక మాట సతాయిస్తోంది. యంత్రం పూర్తిగా ఆగదు, పనీ చేయదు. పిలిస్తే పలకడానికి కాచుకుని ఉంటుంది. ఇంగ్లీషులో స్టాండ్‌బై అనే ఆ స్థితికి ఇల్లాళ్ళకు అర్థమయ్యే మాట కావాలి. దొరక్క, దాన్ని వదిలి హెచ్చరికల పేజీకి వెళ్ళాడు. "అసాధారణమైన శబ్దం వస్తే యంత్రాన్ని వెంటనే ఆపి నిపుణులను సంప్రదించండి." ప్రతి పుస్తకంలోనూ రాసే వాక్యమే. కామా అవసరమా కాదా అని చూసి, అక్కర్లేదనుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం సగం వదిలేశాడు. తిరిగొచ్చి కూర్చోగానే ఎడమ దవడ కిందనుంచి భుజానికి ఎవరో తాడు బిగించినట్టయింది. చొక్కా వీపుకి అంటుకుంది. కాస్త నడుం వాల్చి, లేచి, మిగిలింది పంపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చు. వాలిస్తే చుక్క ఊరుకోదు.

సొరుగు లాగాడు. గడియారం బల్లమీద పెట్టి, మౌస్‌ని దానిమీద ఆనించాడు. తెరమీద బాణం చలికి వణికినట్టు కదిలింది. సిగ్గుపడుతూనే మడతమంచం మీద వాలాడు.

కళ్ళు మూసుకోగానే ఆ మాట తట్టింది. ఎంత చిన్న మాట! లేచి రాసేద్దామని మంచం పట్టెకి చెయ్యి ఆనించాడు. చెయ్యి ఆనలేదు.

సాయంత్రం ఆవిడ చీర మార్చుకుని, పాత మందుల కాగితాలు సంచిలో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకుని హాల్లో కూర్చుంది. ఫోన్ చూసింది. పచ్చగా ఉంది. "వెళ్దామా?" అని కార్డు పెట్టింది. కార్డు ఎక్కడిదక్కడే ఉంది. లేచి తలుపు దాకా వెళ్ళింది, తట్టబోయింది. నా అంతట నేనే లేచి వస్తానన్నారు కదా అనుకుని చెయ్యి దించుకుంది.

ఆసుపత్రికి ఫోన్ చేసింది. "కొంచెం ఆలస్యమవుతుందమ్మా. ఆయన పనిలో ఉన్నారు."

"పర్లేదాంటీ. డాక్టరుగారు వెళ్ళేలోపల వచ్చేయండి."

కిటికీలో వెలుగు తగ్గింది. డాక్టరుగారు వెళ్ళిపోయారని ఆ అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ చెప్పులు విప్పింది. "ఇంత పనేమిటో, ఎవడికోసమో!" అని తలుపుకి వినబడేలా అంది. ఎర్ర కార్డుని మొదటిసారి తనే రేపటికి జరిపింది.

అయినా మనసొప్పక టీ పెట్టి, ఏర్పాటూ గీర్పాటూ పక్కకి నెట్టి, మోచేత్తో తలుపు తోసింది.

"ఏమండీ," అంది.

మంచం పట్టె మీదనుంచి ఆయన చెయ్యి నేలదాకా వేలాడుతోంది. పొద్దుటి టీ గ్లాసు పక్కన, మౌస్ కిందనుంచి పట్టీ బయటికి వచ్చిన గడియారంలో ముల్లు తిరుగుతోంది, తెర మూల చుక్క పచ్చగా ఉంది.