తొమ్మిది పక్కన చుక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అది నిజమే. పైగా ఆ ఏడాది నా కోపానికి ఒక చల్లటి గది కూడా దొరికింది. షాద్‌నగర్ అవతల అట్టల ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు స్టోర్‌లో నట్లూ బోల్టులూ అందించినవాణ్ని, హైదరాబాద్‌లో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకుని వచ్చేసరికి నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టారు. లోపలికి రావాలంటే ఎవరైనా చెప్పులు బయట విడవాల్సిందే. మేనేజర్ కూడా బూట్లు విప్పి, మేజోళ్లతో వచ్చేవాడు. అది చూసి నాకు కళ్లు నెత్తికెక్కాయంటే ఎక్కవూ మరి.

అది 1997. మా ఫ్యాక్టరీలో తడి అట్టను ఆరబెట్టే మిషన్‌కు ఇరవై నాలుగు రోలర్లు, వాటికి నలభై ఎనిమిది బేరింగులు ఉండేవి. ప్రతి సోమవారం తాజుద్దీన్ భాయ్ ఒక్కో బేరింగుకు థర్మామీటరు ఆనించి, ఎంత వేడి ఉందో చూసి నోటుబుక్కులో రాసేవాడు. అరవై డిగ్రీల దగ్గర ఉంటే ఫికర్ లేదు. ఎనభైకి చేరితే మిషన్ ఆపి బేరింగు మార్చాలి. ఆయన రాసిన అంకెల్ని నేను ముందు కంప్యూటర్‌లో గళ్ల షీటుకు ఎక్కించాలి. తర్వాత ఆ షీటు చూసుకుంటూ, కంపెనీ కొత్తగా కొన్న మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్‌లో అవే అంకెలు మళ్లీ కొట్టాలి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి వాటంతట అవి పోయేవి కావు. ఒకే ఇంట్లో ఉండి మాటల్లేని తోడికోడళ్ల మధ్య తిరిగినట్టు వాటి మధ్య నేను తిరిగేవాణ్ని.

నాకంటే ముందు ఈ అంకెలన్నీ బాబా మియా రిజిస్టర్‌లో ఎక్కించేవాడు. ఆయన ఏప్రిల్‌లో రిటైరయ్యాడు. మే మొదటి సోమవారం తాజుద్దీన్ భాయ్ నోటుబుక్కు నా బల్ల మీదికి వచ్చింది. రాత శుభ్రంగానే ఉంది. కానీ నాలుగైదు చోట్ల సగం అంకె రాసి ఫుల్‌స్టాప్ పెట్టినట్టుంది. 58, 63, తర్వాత 6 పక్కన చుక్క. 61, 57, తర్వాత 5 పక్కన చుక్క. ఆరు డిగ్రీలేమిటి, అది బేరింగా, ఐసుఫ్రూటు డబ్బానా? అయినా ఉన్నదున్నట్టు 6 కొట్టాను. సాఫ్ట్‌వేర్ కుయ్యిమని అరిచి, ఈ రీడింగు చెల్లదని ఎర్రగా చూపించింది.

ఇంజనీర్ అమరేందర్ సార్ నా వెనక నిలబడి చూశాడు. చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. హైదరాబాద్ ఆఫీసంటే ఆయనకు వణుకు.

“పెద్దమనిషికి కండ్లు సరిగ్గ కనవడ్తలెవ్వు యాదన్నా. ఎక్కని గళ్లల్ల పోయిన వారం నంబరే కొట్టు. సాయంత్రానికల్లా అన్ని గళ్లు నిండి రిపోర్టు హైదరాబాద్ పోవాలె” అన్నాడు.

నేను అలాగే చేశాను. తాజుద్దీన్ భాయ్ నా గదికి నూరడుగుల దూరంలోనే ఉంటాడు. వెళ్లి, ఈ చుక్క ఏమిటని ఒక్క మాట అడగొచ్చు. కానీ చెప్పులేసుకుని, ఆ గ్రీజు నేల మీద నడిచి వెళ్లడం నాకు నామోషీ అనిపించింది. పైగా సగం సగం రాసి నా మొహాన పడేస్తున్నాడని ఒళ్లు మండేది. ముప్పై ఏళ్లు ఫిట్టర్ పని చేసిన మనిషి మీద, మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్న నా కోపం అది.

జూలై చివర్లో ఒక రోజు ఆయనే వచ్చాడు. చేతులకు గ్రీజు ఉందని లోపలికి రాకుండా అద్దాల తలుపు దగ్గర నిలబడ్డాడు.

“యాదన్నా, ముప్పయొకటో నంబరు బేరింగు జర గరమైతాంది. ఎక్కిచ్చినవా?”

“అన్ని ఎక్కిచ్చిన భాయ్. కంప్యూటర్ సూసుకుంటది” అన్నాను, తల తిప్పకుండానే.

ఆగస్టు పదకొండున, సోమవారం, షిఫ్టు ఇన్‌చార్జి వెంకటయ్య ఫోన్ చేశాడు. “తాజుద్దీన్ భాయ్ ముప్పయొకటి గరమైతాందని మిషన్ బంజెయ్యమంటుండు. నీ దాంట్ల ఎంతున్నదన్నా?” అని అడిగాడు.

తెర మీద చూశాను. “అరవై నాలుగు” అన్నాను.

“గట్లనా. మంచిగనే ఉన్నది గద” అని వెంకటయ్య ఫోన్ పెట్టేశాడు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ముప్పై ఒకటో బేరింగు పట్టేసింది. రోలర్ వంకరపోయి, మసిలే గ్రీజు చిమ్మింది. దగ్గర నిలబడ్డ అంజన్న కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. వాణ్ని జీపులో దవాఖానకు తీసుకుపోతుంటే వాడి అరుపు నా ఏసీ గదిలోకి కూడా వినిపించింది.

మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లోంచి ప్రింటు తీయించాడు. ముప్పై ఒకటో బేరింగు నాలుగు వారాలుగా 64, 64, 64, 64. పాడయ్యే బేరింగు నాలుగు వారాలు ఒకే డిగ్రీ మీద కూర్చోదు కదా. తాజుద్దీన్ మిషన్ దగ్గరికి పోకుండా, ఎక్కడో నీడన కూర్చుని తోచింది రాశాడని తేల్చారు. ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని మెమో తయారైంది. ఆయన రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది.

వాటిలో మొదటిది తప్ప మిగతా మూడు అరవైనాలుగులు నోటుబుక్కులో లేనివని, నేనే కొట్టినవని నాకు తెలుసు. అమరేందర్ సార్‌కూ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా వారం గడిపాం. నోటుబుక్కు నా సొరుగులోనే ఉంది. బయటపెడితే నా పని బయటపడుతుంది. పైగా అందులో మాత్రం ఏముంది, 7, 8, 9 అని అర్థం లేని రాతే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. భయపడ్డాను. వేరే మాట ఎందుకు?

మెమో ఇచ్చి సంతకం తీసుకురమ్మని నన్నే పంపారు. నా ఖర్మ అనుకున్నాను. తాజుద్దీన్ భాయ్ ఇల్లు స్టేషన్ వెనక. ఆయన భార్య బషీరున్నీసా తలుపు తీసి, ఏ కోపమూ లేకుండా, “ఆవ్ భాయ్, కూసో” అని కుర్చీ తుడిచింది. అదే నేను తట్టుకోలేకపోయాను.

ఆయన మెమో చదవలేదు. మడిచి పక్కన పెట్టాడు.

“నేను నీడకు కూసున్ననంట. అంజన్న నా కొడుకసొంటోడు. వాని చెయ్యి కాలుతదని తెలిసి నేను కూసుంటనా యాదన్నా?”

నేను నేల చూశాను. “ఈడ సంతకం పెట్టు భాయ్. కింద తారీఖెయ్యి. గియ్యాల ఇరవై” అన్నాను.

ఆయన ఉర్దూలో సంతకం చేసి, కింద తారీఖు వేశాడు. 2, పక్కన చుక్క. తర్వాత గీత, 8, గీత, 97.

“రెండు కాదు భాయ్, ఇరవై” అన్నాను విసుగ్గా.

“ఇరవయ్యే గద ఏసిన” అన్నాడు.

“మరి సున్న ఏది?”

ఆయన గ్రీజు ఇంకిన వేలుతో ఆ చుక్క మీద తట్టాడు. “ఇగో. ఉర్దూల సున్నంటే చుక్కనే. మస్తు ఏండ్ల కింద ఒక ఇంజనీర్ సాబ్ ఉర్దూ అంకెలు రాయొద్దన్నడు. తొమ్మిది అంకెలు మార్చుకున్న. సున్నల మార్చేదేమున్నది, సున్న సున్ననే గద. బాబా మియా గిట్లనే సదువుతుండె.”

ఏడు పక్కన చుక్క, ఎనిమిది పక్కన చుక్క, తొమ్మిది పక్కన చుక్క. డెబ్బై, ఎనభై, తొంభై. ఆ మనిషి వారం వారం మిషన్ ఆపమని రాస్తూనే ఉన్నాడు. నేను వారం వారం దాన్ని తుడిచేసి, అంతా బాగుందని కొట్టాను.

అంతకంటే పెద్ద సిగ్గు ఇంకోటుంది. కొత్తకోట దగ్గర మా ఊళ్లో మా నాయిన గొర్లు కాసేవాడు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో రెండో జమాత్ దాకా చదివాడు. ఏటా మందలో ఎన్ని గొర్లున్నాయో గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఏదో వంకర అంకె, పక్కన చుక్క. చిన్నప్పుడు నేను ఆ చుక్కేంది నాయినా అని అడిగాను. “అది సున్నరా. సున్నకు గంత జాగెందుకు?” అని నవ్వాడు. ఐదేళ్లప్పుడు అడిగి తెలుసుకున్నదాన్ని నలభై రెండేళ్లకు అడగలేకపోయాను.

“భాయ్, నన్ను మాఫ్ చెయ్యి” అన్నాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. బషీరున్నీసా తలుపు పట్టుకుని వింటోంది. తాజుద్దీన్ భాయ్ మెమో తీసి నా చేతికిచ్చాడు. “ఒక్క మాట అడగకపోతివి” అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మేనేజర్ గదిలో విచారణ. నోటుబుక్కు ఆయన ముందు తెరిచి పెట్టి, ముప్పై ఒకటో బేరింగు వరస పైకి చదివాను. “అరవై నాలుగు, డెబ్బై, ఎనభై, తొంభై.” చుక్క సంగతి చెప్పి, తారీఖు వేసిన మెమో చూపించాను.

“మరి సాఫ్ట్‌వేర్‌లో 64 ఎవరు కొట్టారు?” అన్నాడు మేనేజర్.

“నేనే సార్.”

అమరేందర్ సార్ తన కాగితాలు సర్దుకున్నాడు, మళ్లీ సర్దుకున్నాడు. ఆ తర్వాత లేచి నిలబడ్డాడు. “అట్ల కొట్టుమని నేనే చెప్పిన సార్” అన్నాడు. నాతో ఈ తప్పు చేయించాడని అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా నాకు ఆ నిమిషంలో పోయింది.

తాజుద్దీన్ భాయ్‌కిచ్చిన మెమో వెనక్కి తీసుకున్నారు. మా ఇద్దరికీ చెరో మెమో వచ్చింది. నాది నా ఫైలులో ఇప్పటికీ ఉంది, ఉండాల్సిందే. అంజన్న చెయ్యి మానింది కానీ రెండు వేళ్లు సరిగ్గా ముడుచుకోవు. దానికి ఎవరి మాఫీ సరిపోదు.

మిషన్ మళ్లీ నడిచిన మొదటి సోమవారం నోటుబుక్కు నా బల్ల మీదికి వచ్చింది. తెరిచి చూశాను. ఐదు చోట్ల సున్నలున్నాయి. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత. పలక మీద దిద్దే పిల్లవాడిలా పెన్సిలు నొక్కి నొక్కి గుండ్రంగా చుట్టాడు. ఒక చోట కాగితం చిరిగింది కూడా. యాభై ఐదేళ్ల మనిషి నా కోసం సున్న దిద్దడం నేర్చుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నోటుబుక్కు పట్టుకుని మిషన్ దగ్గరికి నడిచాను. ఆయన థర్మామీటరు తుడుస్తున్నాడు.

“భాయ్, సున్నకు గంత జాగెందుకు? నీ చుక్క నువ్వు పెట్టు” అన్నాను.

“మల్ల నువ్వు తప్పు సదువుతవ్.”

“తెల్వకపోతే వచ్చి అడుగుత.”

ఆయన నా కాళ్ల వైపు చూశాడు. “చెప్పులేవి?” అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. గదిలోంచి లేచినవాణ్ని లేచినట్టే వచ్చాను. ఉత్త కాళ్లతో గ్రీజులో నిలబడి ఉన్నాను. ఆయన భుజం మీది గుడ్డపేలిక తీసి నా చేతిలో పెట్టాడు.

నేను కాళ్లు తుడుచుకుంటుంటే ఆయన ముప్పై ఒకటో బేరింగుకు థర్మామీటరు ఆనించి చూసి, నోటుబుక్కు అందుకుని రాశాడు. 6, పక్కన చుక్క. నా వైపు తిప్పి పట్టుకున్నాడు.

“ఎంత?” అన్నాడు.

“అరవై” అన్నాను.