చూడని గదికి లింకు

లక్ష్మీప్రసాద్ తాళంచెవులు మేకులకు తగిలిస్తూ మధ్యమధ్య కౌంటరు మీది కంప్యూటర్ వైపు తొంగి చూస్తున్నాడు. గదులు ఖాళీ చేసేవాళ్ళ హడావిడి అప్పుడే తగ్గింది. అరకులోని ఆ లాడ్జికి గుమాస్తాగా వచ్చిన కొత్తలో అతని మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు కనుబొమలు కూడా నెరిశాయి. సన్నటి మనిషి. ఎదుటివాళ్ళ మాట త్వరగా అందుకుందామన్నట్టు మెడ ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం. విశాఖ డాక్టరు ఇచ్చిన మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు. బొబ్బిలిలో ఉన్న అక్కగారు అతని పెళ్ళి మాట ఎత్తడం మానేసి చాలా కాలమైంది.

లాడ్జిలో దిగినవాళ్ళు అడిగే ప్రశ్నల్లోంచే అతని వెబ్‌సైట్ పుట్టింది. జలపాతం దాకా ముసలాళ్ళు నడవగలరా, వానల్లో జీపు వెళ్తుందా, గుహల దగ్గర తిండి దొరుకుతుందా? తెలిసింది తెలిసినట్టు తెలుగులో రాసిపెట్టాడు. తాను నడవని దారి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎక్కడెక్కడివాళ్ళో చదివి ఉత్తరాలు రాస్తున్నారు. అందరూ చివర్లో అడిగేది ఒకటే: ఎక్కడ దిగమంటారు?

"ఏటి బాబూ, పొద్దుట్నించీ అదే సూత్తన్నారు?" గదులు శుభ్రం చేసే రత్నాలు దుప్పట్ల మూట దించి అడిగింది.

"హోటళ్ళు బుక్ చేసే కంపెనీలు. వాళ్ళ లింకు నా సైటులో పెడితే, అది నొక్కి గది తీసుకున్నోళ్ళ మీద నాకు కొంత కమీషన్ ఇస్తారట. రెండున్నాయి. ఏది పట్టుకోవాలో తేలట్లేదు."

"నొక్కినోలు మీరు పంపినోలేనని ఆలకెలగ తెలుస్తాది?"

అతన్నీ వారం నుంచి తొలుస్తున్న ప్రశ్న అదే. చదివి చదివి నిన్ననే అర్థం చేసుకున్నాడు.

"లింకులో నా గుర్తుంటాది. నొక్కగానే అది నొక్కినోళ్ళ ఫోనుకి అంటుకుంటాది."

"గుర్తుకని మేక సెవికి గాటెట్టినట్టా?"

"అచ్చం అలాగే!" అతను పకపకా నవ్వాడు. "కొన్నాళ్ళకి ఆ గాటు మానిపోతాది. ఈలోగా గది తీసుకుంటేనే నాకు."

రత్నాలు తెర దగ్గరికి వంగి చూసింది. "మరి ఆ సంగతి మేకకి తెలుస్తాదా?"

అతని నవ్వు ఆగిపోయింది. "తెలియాలి కదా," అన్నాడు.

మొదటి కంపెనీ వాటా పెద్దది. కానీ అందులో ఉన్నవన్నీ పెద్ద రిసార్టులు. సగం అతను గేటు బయటినుంచి చూసినవే. రెండోదాని వాటా చిన్నది, డబ్బూ ఆలస్యంగా ఇస్తుందట. అయితే అందులో కొండవాళ్ళ ఇళ్ళలోని గదులు కూడా ఉన్నాయి. టైడా దగ్గర బుధు అనే రైతు ఇల్లు ఒకటి కనిపించింది. ఫోటోలో మంచం, కిటికీ, కిటికీ నిండా మంచు.

ఆ మంచం ఎలా ఉంటుందో అనుకున్నాడు. వెంటనే ఇంకో సంగతి తట్టి తనకే వింతగా అనిపించింది. ఇన్నేళ్ళుగా ఎంతోమందికి తాళాలు అందించాడు గానీ, డబ్బిచ్చి ఒక్క గదిలోనూ తను పడుకోలేదు. ఆ రెండో కంపెనీలో పేరు నమోదు చేసుకుని, వచ్చిన లింకు తనే నొక్కి ఆ రాత్రికి గది తీసుకున్నాడు. సొంత బుకింగుకు కమీషన్ రాదని నిబంధనల్లో ఉంది. అది చదివే నొక్కాడు.

మధ్యాహ్నం ప్యాసింజరులో సొరంగాలు దాటి టైడాలో దిగాడు. బుధు బండి తెచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు, చేతులకు కాఫీ పళ్ళ మరక. పెంకుటింటి వెనక కొత్తగా కట్టిన రెండు గదులు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు.

"కంపెనీవాళ్ళు వచ్చి చూశారా?" అని అడిగాడు లక్ష్మీప్రసాద్.

"ఎవులూ రానేదు సార్. ఫోటోలెట్టమన్నారు, ఎట్టీసినాం."

అతను మంచం మీద కూర్చుని చూశాడు, పడుకుని చూశాడు. కుళాయి తిప్పాడు. వేడినీళ్ళు పొయ్యి మీద కాచి తెస్తారని తెలుసుకున్నాడు. తలుపు గడియ పడటం లేదు. రాత్రి సామ అన్నం, నాటుకోడి కూర పెట్టారు. తిన్న కంచం ఎత్తబోతే బుధు భార్య స్వర్ణ లాగేసుకుంది.

"మీరు కూకోండి బాబూ. మీరు గెస్టు."

అతను కూర్చున్నాడు గానీ, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గడియ పడట్లేదని రాస్తాను బుధూ."

"రాసీండి సార్. రేపు బాగుసేసేత్తాను."

వసారాలో సిగ్నల్ దొరికింది. సైటుకి రెండో కంపెనీనే ఖాయం చేసుకున్నాడు. గదిని గురించి ఉన్నదున్నట్టు, గడియతో సహా రాశాడు. లింకుకు పైన ఇలా చేర్చాడు: 'ఈ లింకు నొక్కి గది తీసుకుంటే నాకు కొంత వస్తుంది. మీకు ధర పెరగదు. నేను ఇక్కడ పడుకుని చూశాకే రాస్తున్నాను.' ఇంకా రాత్రి గడవనే లేదని గుర్తొచ్చి ఆఖరి వాక్యం కొట్టేసి, 'ఈ రాత్రి ఇక్కడే పడుకుంటున్నాను' అని మార్చి పెట్టాడు.

తెల్లవారి స్వర్ణ కాఫీ తెచ్చేసరికి వసారా కుర్చీలో లోయకేసి తిరిగి ఉన్నాడు. గదిలో పక్క నలిగి ఉంది. కునుకు పట్టిందనుకుని గ్లాసు పక్కన పెట్టి వెళ్ళింది. కాఫీ చల్లారిపోయింది. అతను లేవలేదు.

కబురు తెలియగానే రత్నాలు దొరికిన మొదటి బస్సుకే వచ్చింది. అక్కగారి మనుషులు శవాన్ని జీపులో బొబ్బిలి తీసుకెళ్ళారు.

కార్తీకంలో తణుకు నుంచి ఒక కుటుంబం ఆ గదిలో దిగింది. "మా ఇల్లు ఎక్కడ సూసినారండి?" అని బుధు అడిగితే ఫోన్ తీసి చూపించారు. లక్ష్మీప్రసాద్ రాసిన పేజీ. ఈ రాత్రి ఇక్కడే పడుకుంటున్నానన్న మాట ఇంకా అలాగే ఉంది. వాళ్ళ బుకింగు తాలూకు కమీషన్ ఏ ఖాతాలో పడిందో తెలిసినవాళ్ళు లేరు.

తలుపు వెనక మేకుకు స్వర్ణ ఉతికి తగిలించిన లక్ష్మీప్రసాద్ గళ్ళ తువ్వాలు ఉంది. వచ్చినవాళ్ళు దాన్ని అక్కడే ఉండనిచ్చి, తమ బట్టలు పక్క మేకుకు తగిలించుకున్నారు.