ఆయమ్మకు మీటింగెందుకు?

ఆ స్కూలు పేరు మనకెందుకు? ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు దిగి రెండు సందులు తిరిగితే అలాంటివి నాలుగు కనిపిస్తాయి. అన్నిటికీ పసుపు బస్సులే, అన్నిటి గోడల మీదా పళ్ళికిలించే సూర్యుడే. వాటిలో ఒకదానిలో భాగ్య మూడేళ్ళుగా ఆయమ్మ. ఆమె కూతురు తిరుమల అదే బడిలో మూడో తరగతి చదువుతోంది.

కూతురి కోసమే భాగ్య ఆ పనిలో చేరింది. అంతకుముందు కూరగాయల తోటల్లో కూలికి పోయేది. "పిల్ల కండ్ల ముందట ఉంటది. ఏం తింటున్నదో ఏం సదువుతున్నదో ఎరికైతది" అని భర్తతో వాదించి మరీ చేరింది. భర్త బాలేష్ ఆదిభట్లకు కంపెనీ బస్సు నడుపుతాడు. చీకటితో పోయి చీకటితో వచ్చే మనిషి. కూతురి బడి సంగతులన్నీ పెళ్ళానికే వదిలేశాడు. "నువ్వు ఆడనే ఉంటవ్. నీకన్న ఎక్కువ ఎవలకెరుక?" అంటాడు.

ఎరుకే మరి! ఆ బడిలో అందరి పిల్లల సంగతీ ఆమెకు ఎరుకే. మందుల షాపాయన కొడుకు డబ్బాలో ఇడ్లీలు రోజూ గోడవతలి కుక్కకే పెడతాడని ఎరుక. లెక్కల గంట కొట్టగానే ఎవరికి కడుపునొప్పి వస్తుందో, ఎవరి తలలో పేలున్నాయో, బస్సెక్కగానే ఎవరు కక్కుకుంటారో అంతా ఎరుక. ఇంత ఎరుకున్న మనిషికి తన కడుపున పుట్టినదాని చదువెలా ఉందో చెప్పే దిక్కు మాత్రం లేదు.

తక్కిన తల్లిదండ్రులకు సెల్లులో గ్రూపులున్నాయి. ఇవాళ ఏ హోంవర్కు, రేపు ఏ పరీక్ష, పిల్లలు ఏం పాడారు, ఏ రంగులు పూశారు, అన్నీ ఫోటోలతో సహా టింగుటింగుమని వచ్చి పడుతుంటాయి. నన్నూ చేర్చుండ్రి మేడం అని భాగ్య ఒకసారి అడిగింది. మూడో తరగతి టీచరు అరుణజ్యోతి పకపకా నవ్వింది.

"పొద్దున్నుంచి ఈడనే ఉంటవు గద భాగ్యా! నీకు గ్రూపెందుకు?"

తల్లిదండ్రుల మీటింగుల దగ్గరా అదే మాట. మూడేళ్ళలో తొమ్మిది మీటింగులైతే తొమ్మిదింటికీ కుర్చీలు వేసింది భాగ్య, నీళ్ళిచ్చింది భాగ్య, చాయ్ కప్పులు కడిగింది భాగ్య. మేడం ఎదుట కూర్చుని నా బిడ్డ ఎట్ల సదువుతున్నదని అడిగే వంతు మాత్రం ఒక్కసారీ రాలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్ళను ఏమనాలో పెద్దలు చెప్పిపోలేదు.

ఈసారి అడగక తప్పదు. రెండో తరగతిలో ఉన్నప్పుడు రోడ్డు వెంట దుకాణాల బోర్డులన్నీ గడగడా చదివి తల్లిని విసిగించిన పిల్ల, దసరా సెలవులైన దగ్గర్నుంచి నత్తిదానిలా తయారైంది. మొన్న ఆదివారం భాగ్య తెలుగు వాచకం తీసి ముందు పెట్టింది. తిరుమల ఒక ముక్క చదివి ఆగిపోయింది.

"గీ పాఠం మాకు చెప్పలేదమ్మా" అంది.

భాగ్య పేజీ తిప్పింది. అదీ చెప్పలేదు. ఇంకోటి తిప్పింది. అదీ అంతే. లెక్కల పుస్తకం తెరిస్తే సగం నుంచి తెల్లగా, పెన్సిలు గీత పడకుండా ఉంది. భాగ్య ఏడో తరగతి దాకా చదివిన మనిషి. చూడగానే ఏదో తేడా ఉందని పసిగట్టింది. మర్నాడు వరండాలో మేడంను ఆపి అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. "మంచిగనే చదువుతది, ఫికర్ చెయ్యకు" అని మేడం గబగబా వెళ్ళిపోయింది.

అందుకని ఆ శనివారం మీటింగుకు, చీర మీద వేసుకునే ఆయమ్మల నీలం కోటు విప్పి సంచిలో పెట్టి, భాగ్య ముందే చెప్పింది.

"మేడం, ఇయ్యాల నేను గూడ కూసుంట. నా వంతు ఎప్పుడో చెప్పుండ్రి."

"రోజు మొకాలు చూసుకునేటోళ్ళమే గద, మనకు మీటింగేంది?" అంది అరుణజ్యోతి. భాగ్య కదలకపోయేసరికి, "సరె, అందరు పోయినంక చూద్దాం తీ. ముందుగాల ఆ కోటేసుకో, సార్ చూస్తే బాగుండది" అంది.

భాగ్య మళ్ళీ కోటు వేసుకుంది. వేసుకోక ఏం చేస్తుంది?

పది కొట్టేసరికి వరండా నిండింది. ఇంట్లో ఎవరూ లేరని తిరుమలను వెంట తెచ్చుకుంది కాబట్టి ఆ పిల్ల ఓ మూల స్తంభానికి ఆనుకుని నిలబడింది. అరుణజ్యోతి మేడం ఒక్కొక్కరినే పిలుస్తోంది. మీ బాబు మస్తు షార్ప్ సార్. మీ పాప డిసిప్లిన్ చూసి మేమే నేర్చుకోవాలె మేడం. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఆ ముద్దుకు రంగు పూసి అందిస్తుంటే కాదనే కాకి ఏది? మందుల షాపాయన తన కొడుకు డబ్బా ఖాళీ చేసుకొస్తున్నాడని మురిసిపోయాడు. చాయ్ పళ్ళెం పట్టుకున్న భాగ్య తలవంచుకుని పక్కకు జరిగింది.

అప్పుడొచ్చింది వనిత. ఆదిభట్లలో ఏదో కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగస్తులే. నాలుగేళ్ళ కూతుర్ని ఎల్కేజీలో వేశారు. పన్నెండున్నరకు ఇంటికి పంపితే చూసేవాళ్ళు లేరు కాబట్టి అలాంటి పిల్లలు పదిహేను మందిని బడిలోనే ఓ గదిలో పడుకోబెడతారు. గేటు దాటగానే పాప తల్లి చెయ్యి విడిపించుకుని "తిరుమలక్కా!" అని కేక పెడుతూ పరుగెత్తి పోయి ఆ పిల్ల నడుమును చుట్టేసుకుంది.

వనిత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, గీ పిల్లనా తిరుమలక్క?"

"నా బిడ్డ మేడం" అంది భాగ్య, కొంచెం గర్వంగానే.

"నీ బిడ్డనా అక్కా? బంగారం! ఇంటికొచ్చినంక మా పాపకు ఒకటే జపం. తిరుమలక్క పండవెట్టింది, తిరుమలక్క మూతి కడిగింది, తిరుమలక్క చెడ్డి మార్చింది అని. ఫోటోల ఈ పిల్లను చూసిన గని, తిరుమలక్క అంటె ఎవలో ఆయమ్మ అనుకున్న. గింత చిన్నపిల్లనా చేసేది!"

భాగ్యకు అర్థం కాలేదు. "ఎప్పుడు పండవెట్టింది మేడం?"

"రోజు! మధ్యాహ్నం పూట. మాకు ఫోటోలు వస్తయి గద." వనిత సెల్లు తీసి చూపించింది.

ఫోటోలో నేల మీద వరసగా చాపలు. చాపల మీద చంటిపిల్లలు. కింద రాసి ఉంది: మీ చిన్నారులు హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆ చాపల మధ్య బాసింపట్టు వేసుకుని, ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని జోకొడుతున్నది తిరుమల. యూనిఫారంలో, మెడలో బడి కార్డుతో. వనిత వేలితో పైకి జరిపింది. ఇంకో రోజు, తిరుమల ముక్కు తుడుస్తోంది. ఇంకో రోజు, తడిసిన చాప మడుస్తోంది. జనవరి, డిసెంబరు, నవంబరు.

దసరాకు జంగమ్మ అనే రెండో ఆయమ్మ పని మానేసింది. ఆమె స్థానంలో ఎవరినీ పెట్టలేదు. రోజూ పన్నెండున్నరకు భాగ్య చిన్నపిల్లల బస్సెక్కి ఊళ్ళ వెంట పిల్లల్ని దింపుకుంటూ పోతే తిరిగి వచ్చేసరికి మూడు దాటుతుంది. మరి ఆ రెండున్నర గంటలు బడిలో మిగిలిన పిల్లల్ని ఎవరు చూస్తున్నారని ఆమె ఏనాడూ అడగలేదు. ఎవరో చూస్తున్నారులే అనుకుంది. తన బిడ్డే చూస్తోందని, తెలుగూ లెక్కలూ చెప్పే వేళకు దాన్ని క్లాసులోంచి లేపి పంపుతున్నారని, ఆ ఫోటోలు నాలుగు నెలల నుంచి రోజూ పదిహేనిళ్ళ సెల్లుల్లో మోగుతున్నాయని ఆమెకు తెలియలేదు. అందరికీ తెలుసు. తల్లికి తప్ప.

భాగ్య కూతురి దగ్గరకు పోయి భుజం పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదే?"

తిరుమల బిత్తరపోయింది. "నీకెర్కనే అనుకున్నమ్మా. నువ్వు ఈడ ఆయమ్మవు గద."

ఆ మాటకు భాగ్య ఒళ్ళు భగ్గుమంది. పళ్ళెం కింద పెట్టేసి, పిల్ల రెక్క పట్టుకుని, వరసలో ఉన్నవాళ్ళను దాటుకుని పోయి మేడం ఎదుట కుర్చీలో కూర్చుంది. అప్పుడే కూర్చోబోతున్న పెద్దమనిషి ఒకాయన అడుగు వెనక్కి వేశాడు.

"ఇదేంది భాగ్యా!" అంది అరుణజ్యోతి.

"నా బిడ్డ ఎట్ల సదువుతున్నది మేడం?"

అరుణజ్యోతి అటూ ఇటూ చూసి, కట్టలోంచి తిరుమల ప్రోగ్రెస్ కార్డు తీసి ముందుకు తోసింది. తెలుగు 'ఏ' గ్రేడు. లెక్కలు ఏ. ఇంగ్లీషు ఏ. కింద ఎర్ర సిరాతో 'ఇతరులకు సాయపడే గుణం కలది' అని రాసి ఉంది.

భాగ్య అది చదివి, బల్ల మీదున్న తెలుగు వాచకాన్ని కూతురి చేతిలో పెట్టింది. "సదువు."

తిరుమల పుస్తకం వైపు చూసింది. మేడం వైపు చూసింది. వెనకాల నిలబడ్డ పాతిక మంది వైపు చూసింది. మొదటి మాట కూడబలుక్కుంది. రెండో మాట కింద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇదేనా 'ఏ' గ్రేడంటే?" భాగ్య గొంతు వరండా అంతా వినిపించింది. "క్లాసుల కూసున్న పిల్లను లేపి ముడ్లు కడగవంపుతరా? మీ పిల్లలనైతే పంపుదురా? రెండుసార్లు అడిగితి గద మేడం, ఎందుకు సదువుతలేదు అని. ఫికర్ చెయ్యకన్నరు. నీ బిడ్డతోని గీ పని చేపిస్తున్నమని ఒక్క మాట చెప్పలేకపోతిరి?"

"జర మెల్లగ మాట్లాడు. సార్ చెప్పిండు, నేనేం చెయ్య? మనిషి దొరికిందాంక అన్నడు. పిల్ల గూడ ఖుషీగనే పోతది, కావాల్నంటె అడుగు."

గొడవ విని కరస్పాండెంట్ సార్ గదిలోంచి బయటికి వచ్చాడు. తల్లిదండ్రుల వైపు చిరునవ్వు, భాగ్య వైపు కనుబొమలు. "ఏంది భాగ్యమ్మా, పిల్లకు ఫీజు మాఫీ చేసి సదువు చెప్తున్నం. ఓ గంట సేపు చిన్నపిల్లల దగ్గర కూసుంటె అరిగిపోతదా?"

"అరిగిపోయింది సార్" అంది భాగ్య. "సోమవారం సంది నా బిడ్డ క్లాసుల నుంచి కదలది. కదిలిందంటె ఇద్దరం రాము."

ఎవరో ఒకరు నోరు విప్పుతారని ఆమె ఆశపడింది. అంతమంది తల్లులున్నారు, అంతమంది తండ్రులున్నారు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఒకావిడ తన కొడుకు కార్డు అందుకుని, అందులోనూ అన్నీ 'ఏ' గ్రేడులే ఉండటం చూసి గబుక్కున మూసేసింది. చివరకు వనితే ముందుకు వచ్చింది. భాగ్యకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"సార్" అంది వనిత, ఆందోళనగా. "అట్లయితే సోమవారం సంది మా పాపను ఎవరు చూస్తరు?"

అంతే, వరండాలో ఒక్కసారిగా అందరికీ మాటలొచ్చాయి. అవును సార్, మా బాబు కూడా ఉంటడు కద. అవును సార్, మేం ఆరింటిదాంక డ్యూటీల ఉంటం. ముందే చెప్పాలె కద సార్. గ్రూపుల పెట్టాలె కద సార్. అందరూ సార్ చుట్టూ మూగారు. కుర్చీ దగ్గర భాగ్య, ఆమె కూతురు, వనిత కూతురు మిగిలారు.

పాప తిరుమల గౌను పట్టుకుని గుంజుతూ ఏదో గొణిగింది. తిరుమల పుస్తకం టప్పున మూసేసింది. పొద్దున్నుంచీ వాడిపోయి ఉన్న ముఖం తేటపడింది. వంగి పాపను ఒక్క ఊపున చంకకెత్తుకుంది.

"తిరుమలా, ఆగు. పోకు" అంది భాగ్య.

"పాప తడుపుకుంటదమ్మా. క్లాసుల నాకేం రాదు, గీడనైతే అందరు నా మాట ఇంటరు" అంది తిరుమల. "నువ్వు కూసో, నేను తీస్కపోయొస్త."

ఆ పిల్ల వరండా వెంట పోయింది. నడుము ఓ పక్కకు వంచి, చంకలో పిల్ల జారకుండా తుంటి ఎగేసి, ఖాళీ చేత్తో గోడ తడుముకుంటూ, మరుగుదొడ్డి తలుపును మడమతో వెనక్కి నెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఎవరూ నేర్పని ఆ నడక భాగ్య బాగా ఎరుగును. అచ్చం తనదే.