ఒక్క సిలిండరు, ఇద్దరు పిల్లలు

మహ్వీత్ కొండల్లో ఆ చలికాలమంతా పిల్లలకు దగ్గే. ఆరోగ్య కేంద్రానికి తఖియా ఒక్కతే నర్సు. పొద్దుటి నుంచి నిలబడే ఉంది; కాళ్లు గుంజేస్తున్నాయి.

హమామా అనే ముసలావిడ మనవరాలు రుఫైదాను దుప్పట్లో చుట్టి తెచ్చింది.

"దగ్గుతోందమ్మా. అయినా బంగారుతల్లి, దారి పొడుగునా కిక్కురుమనలేదు."

తఖియా గబగబా దుప్పటి విప్పింది. ఏడ్చే పిల్లలంటే ఆమెకు విసుగే గాని భయం లేదు.

ఊపిరి తీసినప్పుడల్లా పిల్ల డొక్కలు లోపలికి పోతున్నాయి. నెత్తుట్లో ఆక్సిజన్ కొలిచే ఆక్సిమీటర్ వేలికి పెడితే అంకె రాలేదు. చేతులు మంచుగడ్డలు, గోళ్ల నిండా గోరింటాకు. పాదాన్ని అరచేతులతో రుద్ది రుద్ది, బొటనవేలికి పెట్టింది. ఎనభై మూడు. తొంభైకి తగ్గకూడదు.

"నెత్తుట్లో ఆక్సిజన్ చాలట్లేదు పెద్దమ్మా. పెద్దాసుపత్రికి వెళ్లాలి."

"ఆ డబ్బా అబద్ధాలాడుతోంది. ఏదీ, నాకు పెట్టు!"

పెట్టింది. తొంభై నాలుగు. ముసలావిడ కొడుక్కి ఫోన్ చేసి జీపు తెమ్మంది.

ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే ఉంది. నిన్నటి నుంచి దాని గొట్టం సాలిం అనే పసివాడి ముక్కుకే ఉంది. తఖియా వాడి కాలికి ఆక్సిమీటర్ పెట్టి, గొట్టం తీయబోయింది. తల్లి జలీలా చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు ఊపిరి లాక్కుంటావా?"

"లాక్కోవడం కాదే తల్లీ, కోలుకున్నాడేమో చూస్తున్నా. అంకె పడితే మళ్లీ నేనే పెడతా. ఆ తర్వాత ఎంతైనా తిట్టు, పడతా."

జలీలా చెయ్యి వదిలింది. గొట్టం తీశాక అంకె జారుతూ జారుతూ తొంభై రెండు దగ్గర నిలబడింది. చాలాసేపు చూసింది, కదల్లేదు. అప్పుడు కొత్త గొట్టం బిగించి రుఫైదాకు పెట్టింది. ఆ రెండు మంచాల మధ్యే ఆక్సిమీటర్ పట్టుకుని తిరిగింది. పిల్ల పెదాలకు మెల్లగా రంగొచ్చింది.

జీపు వచ్చింది. సిలిండరు కూడా పిల్లతో వెళ్లాలి. తఖియా ఏమీ అడగలేక జలీలా వైపు చూసింది. రొమ్ము పట్టుకుని పాలు తాగుతున్న కొడుకును చూసుకుంటూ జలీలా, "తీసుకెళ్లనీ. మళ్లీ నన్ను అడక్కు," అంది.

సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది: పిల్ల చేరింది, ఆక్సిజన్ మీద కుదురుగా ఉంది. సంతోషించడానికి కూడా తఖియాకు ఓపిక లేదు. సాలిం అంకె మరోసారి చూసి, గుమ్మంలో దగ్గుతున్న పిల్లవాణ్ణి లోపలికి రమ్మంది.