మాస్కో కడియం

ఆ చలికాలం కొండల్లో గొడవలు ముదిరేసరికి పోలీసులు నౌపడ బడిని క్యాంపు చేసుకున్నారు. నరసింగరావు మాస్టారు పిల్లల్ని చావిట్లో కూర్చోబెట్టి పాఠాలు చెబుతున్నాడు. ఒక మధ్యాహ్నం అక్కడికే కబురు వచ్చింది. ఉప్పుమళ్ళలో పనిచేసే అసిరయ్యను క్యాంపులోకి లాక్కెళ్ళారట.

అతని తువ్వాలు ముడిలో చిటికెన వేలికి పట్టేంత అల్యూమినియం కడియం దొరికింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో మాస్కో అని, పక్కన ఒక నంబరు ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ పేరు ఒంటిమీద దొరికితే మనిషి నక్సలైటు కిందే లెక్క.

మాస్టారు పిల్లల్ని ఇళ్ళకు పంపేశాడు. కిందటేడు అలాంటిదే ఒకటి అసిరయ్య ఆయనకు తెచ్చి ఇచ్చాడు. వలలో పడిన సూదితోక బాతు కాలికి ఉందన్నాడు. పక్షులు ఏ దేశం నుంచి ఏ దేశానికి పోతాయో తెలుసుకోవడానికి ఇలా కడియాలు వేస్తారనీ, దొరికినవాళ్ళు తెలియజేయాలనీ మాస్టారు ఏదో పత్రికలో చదివి ఉన్నాడు. బొంబాయిలోని పక్షుల సంఘానికి రాశాడు. వాళ్ళు రష్యావాళ్ళను అడిగి జవాబు తెప్పించారు. వోల్గా నది సముద్రంలో కలిసేచోట ఆ బాతుకు కడియం వేశారట. మాస్కో నుంచి వచ్చిన కార్డు చదివి వినిపిస్తే అసిరయ్య నమ్మలేకపోయాడు.

"అంత దూరం నుంచి మన ఉప్పుమళ్ళకా బాబూ?" అన్నాడు.

ఇంకోటి దొరికితే పారెయ్యకుండా తెమ్మని చెప్పింది మాస్టారే.

ఇప్పుడు ఇంటికి వచ్చేసరికి భార్య పద్మకుమారి పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"ఆ కార్డు పొయ్యిలో పెట్టేశాను. సోదాకు వస్తే మీరు నాకు దక్కరు" అంది తల ఎత్తకుండా.

సాయంత్రం అసిరయ్య భార్య తవిటమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఎవుడికి అట్టుకెల్తన్నావని కొడతన్నారు బాబూ. మీ పేరు సెప్పనేదంట. మీకు మాటొస్తాదని."

"నువ్వయినా చెప్పకపోయావా?"

"ఆయన సెప్పనిది నానెలాగ సెప్తాను?"

ఆమె ఆయన్ని క్యాంపుకు రమ్మని అడగలేదు. అడిగి ఉంటే కాదనడానికైనా వీలుండేది. మాస్టారు తలుపు దగ్గరగా వేసి లోపలే తిరిగాడు. వెళితే తననూ లోపల వేస్తారు. వెళ్ళకపోతే అసిరయ్య బతకడు. చూపించడానికి ఉన్న ఒక్క సాక్ష్యం బూడిదైంది. తెల్లవారి తలుపు తీస్తే తవిటమ్మ అక్కడే ఉంది. ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

"మీకేం తెలుసని వెళ్తారు?" అంది పద్మకుమారి.

"అంతా నాకే తెలుసు. అదే కదా వచ్చిన చిక్కు."

క్యాంపులో ఇన్‌స్పెక్టరు ఆయన చెప్పిందంతా విన్నాడు.

"బాతులకు కడియాలా! ఈ కథలు మీ పిల్లలకు చెప్పుకోండి మాస్టారూ."

"బొంబాయికి తంతి కొట్టి కనుక్కోండి."

"కొడతాను. జవాబు వచ్చేదాకా మీరూ ఇక్కడే."

ఆయన్ని ఐదో తరగతి గదిలోనే పెట్టారు. దొంగలు పడుతున్నారని ఆ కిటికీకి ఊచలు వేయించింది ఆయనే. నేల మీద పడి ఉన్న అసిరయ్య కుడిచెయ్యి వాచి ఉంది. మాస్టార్ని చూసి అతను సంతోషించలేదు.

"ఎందుకొచ్చీసినారు బాబూ? నానొక్కడినే అయితే నాలుగు తన్ని వొగ్గీసీవోరు. ఇప్పుడు ఇద్దరమయినాం. జట్టంటారు."

ఆ మాటే నిజమైంది. జట్టులో ఇంకెవరున్నారని రోజూ అడిగేవారు. బొంబాయి నుంచి జవాబు రాలేదు. పొద్దున్నే బాతులు బారులు తీరి కిటికీ మీదుగా ఉప్పుమళ్ళ వైపు పోయేవి. వాటి రెక్కల చప్పుడు వినబడగానే అసిరయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. పోనుపోను, అసలు బొంబాయిలో అలాంటి సంఘం ఒకటుందా అని మాస్టారికే అనుమానం పట్టుకుంది.

చివరికి జవాబు వచ్చింది. నంబరు నిజమే, సూదితోక బాతుదే, ఈ మాస్టారు ఇదివరకూ రాశారు అని. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివాడు.

"బాతే" అన్నాడు. "వెళ్ళండి. కానీ సోమవారం సోమవారం వచ్చి సంతకం పెట్టాలి. ఊరు దాటాలంటే నన్ను అడగాలి. ఇంకొకటి. ఇది ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో సంఘంవాళ్ళు రాయమన్నారు. ఇక్కడే, నా ముందే రాయండి."

మాస్టారు రాశాడు. దొరికినవారి పేరు దగ్గర కలం ఆపి అసిరయ్య వైపు చూశాడు.

"నా పేరు వొద్దు బాబూ. ఈ దేశంలో ఓపాలి రాసుకున్నారు, సాలు. ఆ దేశంలో కూడానా?"

ఒక ఉప్పు కూలీ అని రాసి కాగితం ఇచ్చాడు మాస్టారు. ఇన్‌స్పెక్టరు అది పరకాయించి చూసి, టపాలో వేయమని జవానుకు ఇచ్చాడు.

ఆ తర్వాతి సోమవారం బడి వరండాలో ఇద్దరూ వరసలో నిలబడ్డారు. మాస్టారు సంతకం పెట్టాడు. అసిరయ్య వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా గోడకు రాశాడు. ఎన్ని సోమవారాలు రావాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.